చీకటి నెలల ఊళ్లలో యువత బాగోగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర స్వీడన్, ఉత్తర రష్యాల్లోని గని, లోహ, గ్యాస్ పట్టణాల గురించి మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలివి. అడిగేవాళ్లలో చదువుకో ఉద్యోగానికో బయల్దేరుతున్న తెలుగు పిల్లలున్నారు. వాళ్ల ఫోను కోసం ఇక్కడ ఎదురుచూస్తున్న అమ్మానాన్నలున్నారు. అక్కడ పుట్టి పెరిగిన యువత ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకునే పాఠకులూ ఉన్నారు. ఎవరికి కావలసిన ప్రశ్న వాళ్లు నేరుగా చదువుకోవచ్చు.

అందరూ ముందు అడిగేది చలి గురించే. చలికి బట్టలున్నాయి, వేడి చేసిన ఇళ్లున్నాయి. ఆ ఊళ్లలో పడుచువాళ్లను లోలోపల తినేసేది వేరే ఉంది: "ఎలాగోలా ఈ రెండేళ్లు గడిచిపోతే చాలు" అనుకుని బతకడాన్నే వాయిదా వేసుకోవడం.

## వెళ్లే ముందు

ఈ ఊళ్లు అసలు ఎలాంటివి? మామూలు విదేశీ నగరాలకీ వీటికీ తేడా ఏంటి?

దాదాపు ప్రతి ఊరూ ఒక్క పని కోసం పుట్టింది. స్వీడన్‌లో కిరునా ఇనుప గని కోసం 1900లో వెలిసింది. ఇప్పటికీ ఊళ్లో పెద్ద యజమాని ఎల్‌కేఏబీ అనే ప్రభుత్వ గని సంస్థే. రష్యాలో నొరిల్స్క్ 1935లో ఖైదీల శిబిరంతో మొదలైంది; నికెల్, రాగి, పల్లాడియం దాని బతుకుదెరువు. వొర్కుతాది బొగ్గు, నోవీ ఉరెంగోయ్‌ది గ్యాస్. ముర్మాన్స్క్ 1916లో పుట్టిన ఓడరేవు, ఆర్కిటిక్ వలయానికి పైనున్న నగరాల్లో అన్నిటికంటే పెద్దది.

ఒకే యజమాని ఉన్న ఊళ్లో ఉద్యోగం, ఇల్లు, ఆటమైదానం, ఊరి పండగ అన్నీ ఆ కంపెనీ చుట్టూనే తిరుగుతాయి. ధర పెరిగితే ఊరు కళకళలాడుతుంది, పడితే వెలవెలబోతుంది. దూరం కూడా చిన్నది కాదు. నొరిల్స్క్‌ను మిగతా దేశంతో కలిపే రోడ్డూ లేదు, రైలూ లేదు. విమానం ఎక్కాలి, లేదా యెనిసెయ్ నది మీద దుదిన్కా రేవు దాకా పడవలో వెళ్లాలి. అక్కడివాళ్లు మిగతా రష్యాను "మాతెరిక్" అంటారు. పెద్ద భూమి అని అర్థం. తామేదో దీవిలో ఉన్నట్టే ఆ మాట.

నిజంగా నెలల తరబడి చీకటేనా?

ఊరును బట్టి ఉంటుంది. సూర్యుడు అసలు ఉదయించని రోజులు కిరునాలో డిసెంబరు రెండో వారం నుంచి జనవరి మొదటి రోజుల దాకా. ముర్మాన్స్క్‌లో డిసెంబరు 2 నుంచి జనవరి 11 దాకా, అంటే 40 రోజులు. నొరిల్స్క్‌లో నవంబరు 30 నుంచి సుమారు 45 రోజులు. స్వీడన్‌లోని లూలియో, షెలెఫ్తియో, రష్యాలోని అర్ఖాంగెల్స్క్ ఆర్కిటిక్ వలయానికి కింద ఉన్నాయి. అక్కడ డిసెంబరులోనూ సూర్యుడు వస్తాడు. లూలియోలో మూడు గంటలు, అర్ఖాంగెల్స్క్‌లో నాలుగు గంటల లోపు కనిపించి వెళ్లిపోతాడు.

సూర్యుడు రాకపోయినా పూర్తి అమావాస్య చీకటి ఉండదు. మధ్యాహ్నం చుట్టూ కొన్ని గంటలు మన సంజెచీకటి లాంటి నీలి వెలుతురు ఉంటుంది, దాన్ని మంచు ప్రతిఫలిస్తుంది. కష్టమైన నెల నవంబరు. రోజులు వేగంగా కుంచించుకుపోతుంటాయి, మంచు ఇంకా సరిగా పరుచుకోదు, నేలంతా నల్లగా ఉంటుంది. డిసెంబరుకి భయపడి నవంబరును తేలిగ్గా తీసుకునేవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు.

ఏ బట్టలు కొనాలి? ఇక్కడ కొనాలా, అక్కడ కొనాలా?

లోపలి పొరలు ఇక్కడ కొనుక్కున్నా ఫర్వాలేదు. కోటు, బూట్లు మాత్రం అక్కడే కొనండి. మన షాపుల్లో "మైనస్ 20కి పనికొస్తుంది" అని అమ్మేవి చాలావరకు మనాలీ ట్రిప్పుకి సరిపోయేవి. లూలియో, కిరునాల్లో సెకండ్ హ్యాండ్ దుకాణాలుంటాయి. మంచి కోటు అక్కడ కొత్తదాని ధరలో చిన్న వాటాకే దొరుకుతుంది.

మూడు పొరలు గుర్తుంచుకోండి: ఒంటికి ఆనుకుని సన్నని ఉన్ని, దాని మీద ఫ్లీస్ లేదా మందపు ఉన్ని, పైన గాలి దూరని కోటు. ఒంటికి తగిలే పొరలో నూలు వద్దు. నూలు చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది, బస్ స్టాపులో నిలబడగానే ఆ తడే వణికిస్తుంది. బూట్లు అరసైజు పెద్దవి తీసుకోండి. మందపు సాక్సు వేసుకుని వేళ్లు కదపలేకపోతే రక్తం ఆడదు, పాదం ఇంకా త్వరగా చల్లబడుతుంది. వేళ్లు విడివిడిగా ఉండే గ్లౌజుల కంటే నాలుగు వేళ్లూ కలిసి ఉండే మిట్టెన్లు వెచ్చన.

ఎవరూ చెప్పని రెండు వస్తువులున్నాయి. ఒకటి బూటు అడుగుకి తగిలించుకునే ఇనుప ముళ్లు, స్వీడన్‌లో బ్రొడ్డార్ అంటారు. అక్టోబరు, ఏప్రిల్ నెలల్లో కరిగి మళ్లీ గడ్డకట్టిన దారి మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకునే కొత్తవాళ్లు చాలామంది. రెండోది కోటుకి వేలాడదీసుకునే రిఫ్లెక్టర్. చీకట్లో నల్ల కోటు వేసుకున్న మనిషి డ్రైవరుకి కనిపించడు.

నొరిల్స్క్‌లో ఉద్యోగం ఇప్పిస్తామని ఏజెంట్ అంటున్నాడు. డబ్బు కట్టొచ్చా?

కట్టకండి. 2001 నుంచి నొరిల్స్క్‌కి విదేశీయుల ప్రవేశంపై ఆంక్షలున్నాయి. మామూలు రష్యా వీసా ఉన్నా ప్రత్యేక అనుమతి లేకుండా రానివ్వరు. ఆ అనుమతి గురించి మాట్లాడకుండా డబ్బు అడిగేవాణ్ని నమ్మే కారణమేదీ లేదు. రష్యా ఉత్తరాన మన విద్యార్థులు ఎక్కువగా కనిపించేది అర్ఖాంగెల్స్క్‌లోని వైద్య విశ్వవిద్యాలయంలో. అది వేరే ఊరు, వేరే పరిస్థితి.

## దిగాక మొదటి మూడు నెలలు

స్వీడన్‌లో దిగగానే ఆరోగ్యానికి సంబంధించి ఏ పనులు ముందు చేసుకోవాలి?

ఏడాది, అంతకు మించి ఉండేవాళ్లు ముందు పన్నుల కార్యాలయం స్కాట్టెవెర్కెట్‌లో నమోదు చేసుకుని వ్యక్తిగత సంఖ్య తీసుకోవాలి. అది చేతికి రావడానికి వారాలు పడుతుంది, అందుకే మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టండి. వచ్చాక దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేరు రాయించుకోండి. కిరునా, లూలియోలున్న నోర్బొట్టెన్ ప్రాంతంలో దాన్ని హెల్సోసెంట్రాల్ అంటారు.

ఫోనులో రెండు నంబర్లు దాచుకోండి. 1177కి చేస్తే నర్సు మాట్లాడి ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. ప్రాణం మీదికి వస్తే 112. విశ్వవిద్యాలయ విద్యార్థులకు విద్యార్థి ఆరోగ్య విభాగం విడిగా ఉంటుంది, అక్కడి కౌన్సెలర్‌తో మాట్లాడటం ఉచితం. ఒంట్లో బాగున్నప్పుడే ఆ ఆఫీసు ఎక్కడుందో ఒకసారి చూసి రండి. నీరసించాక కొత్త తలుపు తట్టడానికి కాళ్లు రావు.

రాత్రి ఒంటిగంట దాటాక మంచం కదిలినట్టుంది. భూకంపమా?

కిరునాలో అయితే చాలావరకు గనిలో చేసే పేలుళ్లే. పనివాళ్లు బయటికి వచ్చేశాక రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో పేలుస్తారు. స్థానికులు నిద్రలో కూడా పట్టించుకోరు. కొత్తవాళ్లకు రెండు మూడు వారాల్లో అలవాటవుతుంది. మంచాన్ని గోడకి ఆనించకుండా జానెడు జరిపితే కంపన తక్కువ తెలుస్తుంది. అలాగని అదెప్పుడూ చిన్న విషయమే అనడం లేదు. 2020 మే 18న తవ్వకం వల్ల వచ్చిన ప్రకంపన తీవ్రత 4.9గా నమోదైంది.

మూడు నెలలైంది, ఒక్క స్నేహితుడూ లేడు. ఊరివాళ్లు మాతో మాట్లాడరా?

మాట్లాడతారు. ముక్కూమొహం తెలియనివాళ్లతో బస్ స్టాపులో మాట మాత్రం కలపరు. మన దగ్గర రైల్లో ఎదురు సీటాయన స్టేషన్ వచ్చేలోపు జాతకం అంతా అడిగేస్తాడు. అక్కడ ఆ పద్ధతి లేదు, దాన్ని అయిష్టం అనుకోకండి. ఉత్తర స్వీడన్‌లో మనుషులు దగ్గరయ్యేది సంఘాల్లో: స్కీయింగ్, ఇండోర్ హాకీ, బృందగానం, దారి వెతికే పరుగు పందెం, స్నోమొబైల్. ప్రతి ఊళ్లో డజన్ల కొద్దీ ఉంటాయి, సభ్యత్వ రుసుము తక్కువే.

ఒక్కటి ఎంచుకోండి. ఆట రాకపోయినా ఫర్వాలేదు. వారానికి ఒకే రోజు, ఒకే వేళకి, కనీసం పది వారాలు వెళ్లండి. ఎక్కువమంది మూడోసారికే "ఎవరూ పలకరించలేదు" అని మానేస్తారు. పలకరింపు ఐదారు వారాల తర్వాతే మొదలవుతుంది. ముందు మీ మొహం వాళ్లకు అలవాటు కావాలి.

నలుగురు తెలుగువాళ్లు ఒకే ఫ్లాట్‌లో ఉండటం మంచిదే. అన్నం వండుకుంటారు, పండగ చేసుకుంటారు. ఆ నలుగురి మధ్యా గొడవ వస్తే మాత్రం ఊళ్లో వెళ్లడానికి వేరే గడప ఉండదు. అందుకోసమైనా బయట ఒక్క పరిచయం ఉండాలి.

ముక్కులోంచి రక్తం వస్తోంది, చర్మం పగిలిపోతోంది. ఏదైనా జబ్బా?

చాలావరకు గదిలోని పొడిగాలి వల్లే. మైనస్ 20లో ఉన్న గాలిని లోపలికి తెచ్చి 21 డిగ్రీలకు వేడిచేస్తే అందులో తేమ దాదాపు మిగలదు. హీటర్ ఒక గీత తగ్గించండి, బట్టలు గదిలోనే ఆరేయండి, ముక్కు లోపల కొద్దిగా వాజెలీన్ రాయండి. వేన్నీళ్ల స్నానం పది నిమిషాల లోపు ముగించి, ఒళ్లు తడిగా ఉండగానే నూనె రాసుకోండి. ముందుకి వంగి ముక్కు పదిహేను నిమిషాలు నొక్కి పట్టుకున్నా రక్తం ఆగకపోతే వైద్యులకు చూపించాలి.

## చీకటి కాలం

పొద్దున లేవలేకపోతున్నాను. ఎండకి బదులు వాడే లైట్ ల్యాంపు నిజంగా పనిచేస్తుందా?

సరిగ్గా వాడితే చాలామందికి పనిచేస్తుంది. 10,000 లక్స్ ఇచ్చే దీపం, లేచిన గంటలోపు, 20 నుంచి 30 నిమిషాలు, రోజూ. పోలికకి చెప్పాలంటే ఇంట్లో మామూలు బల్బు వెలుతురు కంటికి 100, 200 లక్స్‌కి మించదు. దీపం కళ్లకు ఎదురుగా, కొద్దిగా పక్కకి ఉండాలి. దాన్నే తదేకంగా చూడక్కర్లేదు, టిఫిన్ తింటూనో చదువుకుంటూనో కూర్చోండి.

పనిచేయలేదు అనేవాళ్లు చేసే పొరపాట్లు దాదాపు ఒకటే. చవక దీపాల్లో 10,000 అన్నది పది పదిహేను సెంటీమీటర్ల దూరానికి చెప్పిన లెక్క. అరమీటరు దూరంలో కూర్చుంటే అందులో కొద్ది భాగమే కంటికి చేరుతుంది. కొనే ముందు "ఎంత దూరంలో" అన్నది చూడండి. రెండోది, సాయంత్రం వాడటం. దానివల్ల నిద్ర ఇంకా వెనక్కి జరుగుతుంది. మూడోది, మూడు రోజులకే వదిలేయడం. తేడా తెలియడానికి వారం పైనే పడుతుంది. అక్టోబరులో మొదలుపెట్టి మార్చి దాకా వాడండి.

బైపోలార్ సమస్య ఉన్నవాళ్లు, రెటీనా జబ్బున్నవాళ్లు, మొటిమలకు డాక్సీసైక్లిన్ వంటి మందులు వాడేవాళ్లు ముందు డాక్టర్ని అడగాలి.

దీపం ఉన్నా మధ్యాహ్నం పన్నెండు గంటల చుట్టూ అరగంట బయట నడవండి. ఈ ఊళ్లలో రాత్రి తొమ్మిదికి కూడా స్కీయింగ్ చేయడానికి దీపాలు పెట్టిన దారులు ఉంటాయి. చాలాచోట్ల డబ్బు కట్టక్కర్లేదు.

అమ్మ 60,000 యూనిట్ల విటమిన్ డి సాచెట్లు పంపింది. వారానికొకటి వేసుకోనా?

రక్తపరీక్ష లేకుండా వేసుకోకండి. మన మందుల షాపుల్లో సులువుగా దొరికే ఆ సాచెట్ లోపం తేలినవాళ్లకు కొద్ది వారాల పాటు ఇచ్చే మోతాదు. అందులో 1,500 మైక్రోగ్రాములుంటుంది. ఏళ్ల తరబడి వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి.

లెక్క ఇదీ: 1 మైక్రోగ్రాము అంటే 40 యూనిట్లు. స్వీడన్‌లో పెద్దలకు చెప్పే రోజువారీ అవసరం 10 మైక్రోగ్రాములు, ఎండ అసలు తగలనివాళ్లకు 20. వైద్యుల పర్యవేక్షణ లేకుండా రోజుకి 100 దాటకూడదు. ఆ అక్షాంశాల్లో అక్టోబరు నుంచి మార్చి దాకా ఎండలో నిలబడినా చర్మం విటమిన్ డి తయారుచేయలేదు. మన ఛాయ ఉన్నవాళ్లకు వేసవిలోనూ తెల్లవాళ్లకంటే ఎక్కువ సేపు ఎండ కావాలి. కాబట్టి రోజూ చిన్న మాత్ర వేసుకోవడం మంచి పద్ధతే. అక్కడి పాలల్లో విటమిన్ డి కలుపుతారు, సాల్మన్, హెర్రింగ్ చేపల్లో బాగా ఉంటుంది. శాకాహారులు అదే రక్తపరీక్షలో బీ12 కూడా చూపించుకోవాలి. నీరసాన్ని చీకటి మీదికి నెట్టేసి బీ12 లోపాన్ని గుర్తించని సందర్భాలు తక్కువేం కాదు.

సోవియట్ కాలంలో ముర్మాన్స్క్, నొరిల్స్క్ బడుల్లో పిల్లలకు నల్ల కళ్లద్దాలు పెట్టి అతినీలలోహిత దీపం చుట్టూ వలయంగా నిలబెట్టేవారు. ఇప్పుడా పనికి మాత్ర చాలు.

ముక్కు చివర తెల్లబడి మొద్దుబారింది. ఏం చేయాలి?

వెంటనే గాలి తగలని చోటికి వెళ్లి, వెచ్చని అరచెయ్యి దాని మీద ఆనించి ఉంచండి. రుద్దకండి. మంచుతో రుద్దాలన్నది పాత నమ్మకం, దానివల్ల చర్మం చిట్లుతుంది. వేళ్లయితే చంకలో పెట్టుకోండి, లేదా 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో ముంచండి. మోచేత్తో చూస్తే గోరువెచ్చగా ఉండాలి. హీటర్ మీద, పొయ్యి మీద పెట్టకండి, స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు. అరగంటలో రంగు రాకపోతే, బొబ్బలు లేస్తే, గట్టిగా మైనంలా ఉంటే ఆస్పత్రికి వెళ్లాలి.

థర్మామీటరు ఒక్కటే చూస్తే మోసపోతారు. మైనస్ 20లో సెకనుకి 10 మీటర్ల గాలి వీస్తే చర్మానికి అది దాదాపు మైనస్ 33. నొరిల్స్క్‌లో లెక్క ఇంకా మొరటుగా ఉంటుంది: సెకనుకి ఒక్కో మీటరు గాలికి రెండేసి డిగ్రీల చలి కలుపుతారు. ఆ మొత్తం హద్దు దాటితే బడికి సెలవు. ఆ సెలవును "అక్తిరోవ్కా" అంటారు, పిల్లలందరికీ ఇష్టమైన మాట.

గనిలో షిఫ్టులు మారుతుంటాయి. పగలు నిద్ర పట్టదు, రాత్రి తూగుతాను.

రెండు షిఫ్టుల్లోనూ కలిసివచ్చే నాలుగు గంటలు చూసుకుని, ఆ నాలుగు గంటలు రోజూ పడుకోండి. మిగతా నిద్ర ముందుకో వెనక్కో జరగనివ్వండి. రోజుకో వేళ పడుకునేకంటే ఒంటికి ఇది చాలా నయం. కాఫీ నిద్రకి ఎనిమిది గంటల ముందే ఆపండి. స్వీడన్‌లో విరామం అంటేనే కాఫీ కాబట్టి ఇది అనుకున్నంత సులువు కాదు, రెండో కప్పు నుంచి కెఫీన్ లేనిది తాగండి. మార్చి తర్వాత రాత్రి షిఫ్టు దిగేసరికి ఎండ మొహాన కొడుతుంది, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఇంటికి వెళ్లండి. కారు నడపాలంటే మాత్రం ముందు పావుగంట కునుకు తీయండి.

ఇది శీతాకాలపు దిగులా, డిప్రెషనా? ఎలా తెలుస్తుంది?

చీకట్లో కొంచెం బద్ధకం, తీపి మీద యావ, అరగంట ఎక్కువ నిద్ర అక్కడ పుట్టినవాళ్లకూ ఉంటాయి. కింది వాటిలో కొన్ని రెండు వారాలు పైబడి, రోజులో ఎక్కువ సేపు ఉంటే దాన్ని జబ్బుగానే చూడాలి: ఏదీ ఇష్టంగా అనిపించకపోవడం, పన్నెండు గంటలు పడుకున్నా అలసట, స్నానం, వంట మానేయడం, క్లాసులకో పనికో వెళ్లకపోవడం, నేనొక బరువునన్న ఆలోచన. అక్టోబరులో మొదలై మార్చికి తగ్గిపోయే రకమూ ఉంది. తగ్గుతుంది కదా అని ఐదు నెలలు భరించాల్సిన పని లేదు, వైద్యం ఉంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద రాసుకెళ్లండి: ఎప్పటి నుంచి, రోజుకి ఎన్ని గంటల నిద్ర, ఏ పనులు ఆగిపోయాయి. "ఐ యామ్ ఫైన్, జస్ట్ టైర్డ్" అంటే అక్కడి డాక్టర్ ఆ మాటనే నమ్మి పంపేస్తారు. మొహమాటానికి అన్నామని వాళ్లకు తెలియదు. దుబాసీని అడిగే హక్కు కూడా ఉంది.

శుక్రవారం వస్తే అందరూ తాగుతారు. తాగకపోతే వెలివేసినట్టే ఉంది.

వద్దన్నవాణ్ని రెండోసారి అడగడం ఉత్తర స్వీడన్‌లో తక్కువ. చేతిలో ఏదో గ్లాసు ఉంటే చాలు. జాగ్రత్తపడాల్సింది ఒంటరిగా తాగే అలవాటు విషయంలో. మందు మొదట నిద్రపుచ్చినట్టే అనిపించినా తెల్లవారుజామున లేపేస్తుంది, చీకటి కాలంలో ఉన్న కాస్త నిద్రనీ పాడుచేస్తుంది. ఇంకో ప్రమాదం నేరుగా ప్రాణానికే: మైనస్ 25లో తాగి నడిచి ఇంటికి వెళ్తూ మంచు మీద కూర్చుండిపోవడం. మందు ఒంట్లోని వేడిని చర్మం దాకా తెచ్చి వదిలేస్తుంది, వెచ్చగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. తాగిన స్నేహితుణ్ని ఒంటరిగా పంపకండి.

## వెలుగు తిరిగి వచ్చాక

ఏప్రిల్ వచ్చింది, అందరూ హుషారుగా ఉన్నారు. నాకింకా బాగోలేదు.

వెంటనే సహాయం అడగాల్సిన సమయం ఇదే. ఒంట్లో కాస్త శక్తి తిరిగివచ్చి, మనసు మాత్రం అడుగునే ఉండిపోయే రోజులు ప్రమాదకరం. చాలా దేశాల్లో ఆత్మహత్యలు చీకటి నెలలకంటే వసంతంలో, వేసవి మొదట్లో పెరుగుతాయి. "ఎండొచ్చాక అదే పోతుంది" అని శీతాకాలమంతా చెప్పుకున్న మాట నిజం కాకపోతే ఇక నాదే లోపం అనిపిస్తుంది. లోపం మీది కాదు. వసంతం వచ్చినా తగ్గలేదు అన్న ఒక్క వాక్యమే డాక్టర్‌కి చాలా విలువైన సమాచారం.

అర్ధరాత్రి కూడా ఎండే. నిద్ర ఎలా?

కిటికీకి వెలుగు దూరని నల్ల తెర వేయండి. అంచుల్లో సందు మిగిలితే లాభం లేదు, అల్యూమినియం రేకును టేపుతో అంటించినా పని జరుగుతుంది. ఎండ ఉందని రాత్రి పదకొండుకి ఆటకి బయల్దేరకుండా గడియారం చూసి భోంచేయండి, తొమ్మిదికే తెర దించండి. మూడు రాత్రులు వరసగా నాలుగు గంటల లోపే నిద్రపోయి, అయినా అలసట లేకుండా అమితమైన ఉత్సాహం ఉంటే డాక్టర్‌కి చెప్పండి.

## ఊరి పిల్లలు, ఊరి భవిష్యత్తు

అక్కడే పుట్టి పెరిగినవాళ్లు ఎందుకు వెళ్లిపోతున్నారు? జీతాలు బాగానే ఉన్నాయి కదా?

ముర్మాన్స్క్‌లో 1989లో 4,68,000 మంది ఉండేవాళ్లు, 2021 జనగణన నాటికి సుమారు 2,70,000. వొర్కుతా లక్ష దాటిన నగరం, ఇప్పుడు 60 వేల లోపు. దాని చుట్టూ ఉన్న గని పేటల్లో ఐదంతస్తుల భవనాలు ఖాళీగా నిలబడి ఉన్నాయి. రష్యా పట్టణాల్లో సోవియట్ పతనం పెద్ద కారణం. స్వీడన్‌లో కథ వేరు.

కిరునాలో పన్నెండో తరగతి అవగానే మగపిల్లలకు గనిలో మంచి జీతం దొరుకుతుంది. ఆడపిల్లలు చదువుకని ఉమెయో, స్టాక్‌హోమ్ వెళ్తారు, చదివిన చదువుకి తగ్గ పని ఊళ్లో లేక అక్కడే ఉండిపోతారు. అలా ఇరవైల్లో ఉన్నవాళ్లలో మగవాళ్లు ఎక్కువ, ఆడవాళ్లు తక్కువ అయిపోతారు. ఉండిపోయిన అబ్బాయికి కారు ఉంటుంది, స్నోమొబైల్ ఉంటుంది, తోడు దొరకదు. అక్కడి యువతను జీతం ఒక్కటే కట్టి ఉంచలేదని కంపెనీలు ఆలస్యంగా గుర్తించాయి. సాయంత్రం వెళ్లడానికి ఒక చోటు, గనికి సంబంధం లేని ఉద్యోగం, అద్దెకి దొరికే చిన్న ఇల్లు: ఈ మూడూ ఉంటే వెళ్లినవాళ్లలో కొందరు పిల్లలు పుట్టాక తిరిగి వస్తారు.

కిరునాలో ఊరినే జరుపుతున్నారట. పిల్లల మీద దాని ప్రభావం ఏంటి?

గని కింద 1,365 మీటర్ల స్థాయికి దిగింది, ఖనిజం ఊరి కిందికే వాలి ఉంది. పైన నేల కుంగుతోంది. 2004లో ఊరిని తరలిస్తామని ప్రకటించారు. కొత్త కేంద్రం మూడు కిలోమీటర్లు తూర్పున కట్టి 2022 సెప్టెంబరులో తెరిచారు. 1912 నాటి చెక్క చర్చిని 672 టన్నుల బరువుతో అలాగే చక్రాల మీద పెట్టి 2025 ఆగస్టు 19, 20 తేదీల్లో ఐదు కిలోమీటర్లు తీసుకెళ్లారు.

ప్రపంచం చూసింది ఆ చర్చి యాత్రను. పిల్లలు పోగొట్టుకున్నవి వేరే: మొదట సైకిలు నేర్చుకున్న సందు, బడి వెనకాల మంచు గుట్ట, అమ్మమ్మ ఇల్లు. కంచె ఒక్కో వీధే ముందుకొస్తూ వాటిని మింగింది. శ్రీశైలం ప్రాజెక్టు కింద ఊళ్లు మునిగినవాళ్లకు ఈ బాధ చెప్పక్కర్లేదు. కిరునాలో పరిహారం, కొత్త ఇల్లు రెండూ ఉన్నాయి. అయినా ఇరవై ఏళ్ల పాటు "ఎప్పుడు జరుగుతామో" తెలియకుండా పెరిగిన తరం ఒకటి ఉంది. వాళ్లతో పనిచేసే టీచర్లకు మా సలహా: కూల్చే ముందు పిల్లల్ని తీసుకెళ్లి ఫొటోలు తీయించండి, వాళ్లకు ముఖ్యమైన చోట్లను వాళ్లతోనే మ్యాపు మీద గుర్తు పెట్టించండి. "కొత్తది ఇంకా బాగుంటుంది" అన్న మాటతో మొదలుపెట్టకండి.

ఆ ఉత్తరాది ఆదివాసులైన సామీల పిల్లల పరిస్థితి వేరా?

వేరే. కిరునా చుట్టుపక్కల నేల సామీ ప్రజలది. గాబ్నా, లేవాస్ అనే రెయిన్‌డీర్ కాపరి సమాజాల మేత దారులు గని, రైలు, రోడ్ల మధ్య నలిగిపోతున్నాయి. మంద కాయడం కొనసాగించాలా, గనిలో చేరాలా అన్నది అక్కడి కుర్రాడికి ఉద్యోగం ప్రశ్న కాదు, ఇంటిపేరు ప్రశ్న. వాళ్ల భాషలో, వాళ్ల బతుకు తెలిసిన వైద్యులతో మాట్లాడగలగడం చాలా తేడా తెస్తుంది. నార్వేలోని కరాష్యోక్‌లో సామీల కోసం ప్రత్యేక మానసిక ఆరోగ్య కేంద్రం ఉన్నది అందుకే.

గాలి కాలుష్యం సంగతి?

లోహం కరిగించే ఊళ్లలో పెద్ద సమస్య గంధక డయాక్సైడ్. నొరిల్స్క్‌లో నగరం మధ్యలో ఉన్న పాత నికెల్ కర్మాగారాన్ని 2016లో మూసేశారు, అయినా గాలి దిశ మారితే గొంతు మండుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలు ఆ రోజుల్లో బయట పరుగెత్తకూడదు, కిటికీలు మూసి, ఇన్‌హేలర్ జేబులోనే ఉంచుకోవాలి. చలి గాలి కూడా ఉబ్బసాన్ని రేపుతుంది, ముక్కూ నోరూ ఉన్ని గుడ్డతో కప్పుకుంటే లోపలికి వెళ్లే గాలి కాస్త వెచ్చబడుతుంది.

## డబ్బు, ఉద్యోగం

ఐదేళ్లు కళ్లు మూసుకుని సంపాదించి వచ్చేస్తే చాలదా?

రష్యా ఉత్తరాన ఆశ పెట్టే పద్ధతే అది. నొరిల్స్క్‌లో జీతానికి 1.8 గుణకం, దానిమీద ఏళ్లు గడిచేకొద్దీ 80 శాతం దాకా ఉత్తరాది భత్యం, 24 రోజుల అదనపు సెలవు, 15 ఏళ్లు చేస్తే ఐదేళ్లు ముందుగా పింఛను. ఐదేళ్లకని వెళ్లినవాళ్లు ముప్పై ఏళ్లు ఉండిపోవడం అక్కడ మామూలే. అక్కడి మనస్తత్వ నిపుణులు దీనికి "వాయిదా పడ్డ జీవితం" అని పేరు పెట్టారు. పెళ్లి, పిల్లి, పుస్తకాల అర, మంచి మంచం అన్నీ మాతెరిక్‌కి వెళ్లాకే అనుకుంటారు. గల్ఫ్‌కి వెళ్లినవాళ్ల ఇళ్లలో ఈ మాట మనకీ తెలుసు.

పొదుపు తప్పు కాదు. జీతంలో కొద్ది వాటా ఈ ఊళ్లో ఈ ఏడాది బతకడానికి అని విడిగా పెట్టండి: సరైన పరుపు, స్కీలు, ఒక సంఘం రుసుము, గోడకి నాలుగు పటాలు. గదిలో ఇంకా విప్పని సూట్‌కేసు ఉంటే ఇవాళే విప్పండి.

కంపెనీ దివాలా తీస్తే మా గతేంటి?

2025 మార్చిలో నార్త్‌వోల్ట్ బ్యాటరీ కంపెనీ స్వీడన్‌లో దివాలా తీసినప్పుడు షెలెఫ్తియోలో వేలమందికి ఈ ప్రశ్న ఎదురైంది. వాళ్లలో ఎన్నో దేశాల యువత ఉంది. అప్పటి నిబంధన ప్రకారం వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లకు కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి మూడు నెలలు. నిబంధనలు మారుతుంటాయి, వలస కార్యాలయం మిగ్రాహూన్స్‌వెర్కెట్ వెబ్‌సైటులో ఎప్పటికప్పుడు చూసుకోండి.

ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే రెండు పనులు చేయండి. ఒకటి కార్మిక సంఘంలో, రెండోది నిరుద్యోగ భృతి నిధి ఆ-కాస్సాలో సభ్యత్వం. రెండూ వేర్వేరు, ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు. మూడు నెలల ఖర్చు, టికెట్టు డబ్బు ఇండియాకి పంపకుండా అక్కడి ఖాతాలోనే ఉంచుకోండి. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో దాచేవాళ్లు చాలామంది. ఆ దాపరికమే రాత్రి నిద్ర లేకుండా చేస్తుంది.

## ఇంట్లోవాళ్లకు

మా అబ్బాయి ఫోన్ ఎత్తడం లేదు, ఎత్తినా పొడిపొడిగా మాట్లాడుతున్నాడు. ఎప్పుడు కంగారుపడాలి?

ముందు వేళ చూడండి. స్వీడన్ మనకంటే శీతాకాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనక. అర్ఖాంగెల్స్క్, ముర్మాన్స్క్ ఎప్పుడూ రెండున్నర గంటలు వెనక. మీరు పొద్దున ఏడింటికి చేస్తే స్వీడన్‌లో వాడికి అర్ధరాత్రి దాటి ఉంటుంది.

"తిన్నావా" అంటే "తిన్నా" అంటాడు, మాట అక్కడితో అయిపోతుంది. "ఇవాళ బయటికి ఎక్కడికి వెళ్లావు? ఎవరితో మాట్లాడావు? రాత్రి ఎన్నింటికి పడుకున్నావు?" అని అడగండి. వరసగా వారం పాటు బయటికి వెళ్లలేదని తేలితే, వీడియో ఎప్పుడూ ఆపేసి ఉంచితే, ఉన్నట్టుండి అప్పులు తీర్చేసి వస్తువులు పంచిపెడుతుంటే ఆలస్యం చేయొద్దు. రూమ్మేట్, క్లాస్‌మేట్, విశ్వవిద్యాలయం అంతర్జాతీయ విభాగం: ఈ మూడు నంబర్లూ వాడు బయల్దేరే ముందే తీసుకుని ఉంచండి. మనిషి జాడే తెలియకపోతే ఇండియా నుంచి స్వీడన్ పోలీసులకు +46 77 114 14 00కి చేయవచ్చు.

"చచ్చిపోవాలనుంది" అని మా అమ్మాయి మెసేజ్ పెట్టింది. ఏం చేయాలి?

వెంటనే ఫోన్ చేయండి. "ఆత్మహత్య చేసుకోవాలని అనుకుంటున్నావా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ, అడిగితే బరువు దిగుతుంది. ఎలా, ఎప్పుడు అన్నది కూడా ఆలోచించిందంటే అత్యవసరమే. తనని 112కి చేయమనండి, లేదా పక్కనున్నవాళ్లతో చేయించండి. ఎవరో ఒకరు గదిలోకి చేరేదాకా లైను వదలకండి. స్వీడన్‌లో ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లు మాట్లాడటానికి 90101 ఉంది. రష్యాలోనూ అత్యవసర నంబరు 112నే.

తిట్టకండి, "మేమెంత ఖర్చు పెట్టామో" అనకండి, ఫీజు సంగతి ఆ రోజు ఎత్తకండి. మీకే కాళ్లూ చేతులూ ఆడకపోతే ఇండియాలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి, తెలుగులో మాట్లాడతారు.

వచ్చేయమనాలా? నలుగురూ ఏమనుకుంటారోనని వాడే రానంటున్నాడు.

జబ్బు ముదిరిన వారంలో చదువు మానేయాలా అన్న నిర్ణయం తీసుకోవద్దు. ముందు వైద్యం, తర్వాత విరామం, ఆ తర్వాతే తుది మాట. స్వీడన్ విశ్వవిద్యాలయాల్లో అనారోగ్యానికి చదువు విరామం అడగవచ్చు. వీసా మీద దాని ప్రభావం ఏమిటో విద్యార్థి సలహాదారుతో కలిసి ముందే చూసుకోవాలి. నెల రోజులు ఇంటికి వచ్చి వెళ్తే కుదుటపడినవాళ్లూ ఉన్నారు, పూర్తిగా వచ్చేసి ఇక్కడ బాగా స్థిరపడినవాళ్లూ ఉన్నారు. "వచ్చేసినా మాకేం చిన్నతనం కాదు" అన్న మాట మీ నోటి నుంచి ముందే వినివుంటే, ఉండటమైనా రావడమైనా వాడు భయంతో కాక ఆలోచించి తేల్చుకుంటాడు.

మేమొకసారి వెళ్లి చూసి రావాలంటే ఏ నెల మంచిది?

మార్చి చివర నుంచి ఏప్రిల్ మూడో వారం దాకా. ఉత్తర స్వీడన్‌లో ఆ కాలాన్ని వసంత శీతాకాలం అంటారు. పగలు పన్నెండు గంటలు దాటుతుంది, మంచు ఇంకా మోకాలి లోతు ఉంటుంది, మధ్యాహ్నం చలి సున్నాకి అటూఇటూ. స్టాక్‌హోమ్ నుంచి కిరునాకి రాత్రి రైలు ఉంది, కింది బెర్తులు ముందుగా బుక్ చేయండి. మంచు మీద ఎండ కళ్లను కాల్చేస్తుంది, ఇద్దరికీ నల్ల కళ్లద్దాలు తప్పనిసరి. పచ్చళ్లు సీసాలో కాకుండా రెండు పొరల ప్యాకెట్లలో సీలు వేయించుకోండి. వెళ్లాక వాడు రోజూ వెళ్లే చోట్లకు మిమ్మల్ని తీసుకెళ్లమనండి: వాడి స్కీ దారి, వాడి కాఫీ బల్ల, వాడి సంఘం. వాళ్లలో ఒక్కరినైనా భోజనానికి పిలిచి, మీ చేత్తో వండి పెట్టండి.